యాక్ట్-ఆర్ 7 రివ్యూ: నేర్చుకోవడం ఆఫ్‌లో పెట్టి చేతికిచ్చే లెర్నింగ్ సాఫ్ట్‌వేర్

ఒక పనిలో మనిషికి చేయి తిరగాలంటే ఎంత సాధన కావాలి, మొదట్లో ఎక్కడ తడబడతాడు, సాధన పెరిగేకొద్దీ సెకన్లు ఎక్కడ తగ్గుతాయి? ఇవన్నీ కంప్యూటర్లో నడిపి చూడాలనుకునేవాళ్లకు ముందుగా వినిపించే పేరు యాక్ట్-ఆర్, మనిషి ఆలోచించే తీరును అనుకరించే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ ఆండర్సన్ 1976లో యాక్ట్ పేరుతో బయటపెట్టిన సిద్ధాంతం 1983లో యాక్ట్-స్టార్‌గా, 1993లో యాక్ట్-ఆర్‌గా మారింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 7వ వెర్షన్. డాన్ బోథెల్ దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నారు. పూర్తిగా ఉచితం. సోర్స్ కోడ్ కూడా ఇస్తారు, లైసెన్స్ ఎల్‌జీపీఎల్.

తీర్పు ముందే చెప్పేస్తే నయం. గుర్తు తెచ్చుకునే వేగం పెరగడం, నాలుగు అంచెల్లో చేసే పని క్రమంగా ఒక్క అంచెలోకి ముడుచుకుపోవడం: ఈ రెండిటికీ మిల్లీసెకన్లలో లెక్క చెప్పడంలో ఇది చాలా గట్టి సాధనం. చేతి పనుల నైపుణ్యానికి మాత్రం పనికిరాదు. పైగా డబ్బా విప్పినప్పుడు ఉన్న సెట్టింగులతో నడిపితే ఇది అసలేమీ నేర్చుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక వారాలు పోగొట్టుకునే విద్యార్థులు తక్కువేం కాదు.

ఇన్‌స్టాల్, మొదటి గంట

విండోస్, మ్యాక్, లినక్స్ మూడిటికీ విడివిడిగా సిద్ధం చేసిన కట్టలు ఉన్నాయి. ఇది లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినదే అయినా, లిస్ప్ కంపైలర్ వేరుగా పెట్టుకోనక్కర్లేదు. జిప్ విప్పి స్క్రిప్టు నడిపితే రెండు విండోలు వస్తాయి: ఒకటి లిస్ప్ టెర్మినల్, రెండోది బటన్లున్న కంట్రోల్ ప్యానెల్. టెర్మినల్ మూసేస్తే అంతా ఆగిపోతుంది. లోపలి భాగాలు ఒకదానితో ఒకటి నెట్‌వర్క్ కనెక్షన్ ద్వారా మాట్లాడుకుంటాయి కాబట్టి మొదటిసారి ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. వద్దంటే ప్యానెల్ కనెక్ట్ కాదు.

ప్రయోగాన్ని పైథాన్‌లో రాసుకోవచ్చు. ట్యుటోరియల్ ఫోల్డర్లోని పైథాన్ ఉపఫోల్డర్లో యాక్ట్ఆర్ మాడ్యూల్ ఉంటుంది. ముందు యాక్ట్-ఆర్ నడుస్తూ ఉండాలి, తర్వాతే పైథాన్‌లో ఇంపోర్ట్ చేయాలి. వరుస తప్పితే కనెక్షన్ దొరకలేదంటుంది. అయితే పైథాన్ వచ్చు కదా, లిస్ప్ గొడవ తప్పుతుందని సంబరపడొద్దు. తెర మీద అక్షరం చూపడం, జవాబు నమోదు చేయడం, ఫలితాలు సగటు తీయడం వరకే పైథాన్. మోడల్ ఫైలు, అంటే మనిషికి తెలిసిన సంగతులు, పని చేసే రూల్స్ ఉండే ఫైలు, లిస్ప్ కుండలీకరణాల్లోనే రాయాలి. నిజానికి అందులో రాసేది పెద్ద లిస్పేమీ కాదు: డిఫైన్-మోడల్ అనే చుట్టు లోపల చంక్-టైప్ (సంగతి ఆకారం), యాడ్-డీఎం (సంగతులను జ్ఞాపకంలో పెట్టడం), ఎస్‌జీపీ (పారామీటర్ల విలువలు), పీ (ఒక రూల్), గోల్-ఫోకస్ (మొదటి లక్ష్యం) అనే ఐదు ఆదేశాలతో చాలా మోడళ్లు పూర్తవుతాయి. ఫైలు తలలో క్లియర్-ఆల్ ఉండాలి, లేకపోతే పాత మోడల్ లోపలే కూర్చుని ఉంటుంది.

ట్యుటోరియల్ 8 యూనిట్లు. పక్కదారి పట్టకుండా వరుసగా చేస్తేనే అర్థమవుతుంది. నైపుణ్యం మీద మాత్రమే ఆసక్తి ఉంటే 1, 4, 6, 7 తప్పనిసరి. 2, 3 చూపు, చేతి మాడ్యూళ్ల కోసం. 5 తెలిసినంత మేలు. 8ని తర్వాత చూసుకోవచ్చు. 1వ యూనిట్లోని లెక్కింపు మోడల్ 2 నుంచి 4 దాకా లెక్కపెడుతుంది, అంతే. అది చూసి చిన్నచూపు చూడకండి. ప్యానెల్‌లోని స్టెప్పర్‌తో ఒక్కో సంఘటనా ఆపి, ఏ బఫర్లో (ఆ క్షణానికి చేతిలో ఉన్న సంగతిని ఉంచే అర) ఏ చంక్ (ఒక సంగతి ముక్క) ఉందో, రూల్‌లోని ఏ వేరియబుల్‌కు ఏ విలువ పట్టిందో చూడటం అలవాటు చేసుకోవాల్సింది అక్కడే. రూల్ ఎందుకు పేలలేదో, అంటే ఎందుకు అమలు కాలేదో, తెలియకపోతే వైనాట్ ఆదేశం ఏ షరతు దగ్గర పొసగలేదో చూపిస్తుంది. ఈ ఒక్క ఆదేశం విలువ తెలిసినవాళ్లకు డీబగ్గింగ్ సగం తగ్గుతుంది.

నాలుగు స్విచ్‌లు

ఇక అసలు విషయం. నేర్చుకోవడానికి సంబంధించిన పారామీటర్లన్నీ డిఫాల్ట్‌గా నిల్, అంటే ఆఫ్. ఈఎస్‌సీ అనేది మెయిన్ స్విచ్. అది లేనిదే యాక్టివేషన్ (చంక్ ఎంత తేలిగ్గా గుర్తొస్తుందో చెప్పే అంకె), యుటిలిటీ (రూల్ ఎంత లాభమో చెప్పే అంకె) లెక్కలే జరగవు, రిట్రీవల్‌కు, అంటే గుర్తు తెచ్చుకోవడానికి, సున్నా సమయం పడుతుంది. బీఎల్ఎల్ జ్ఞాపకం బలపడటానికి, మరుపుకి. యూఎల్ ఏ రూల్ లాభమో నేర్చుకోవడానికి. ఈపీఎల్ కొత్త రూల్స్ పుట్టడానికి. నాయిస్, అంటే యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు, కలిపే పారామీటర్లయిన ఏఎన్ఎస్ (యాక్టివేషన్‌కు), ఈజీఎస్ (యుటిలిటీకి) కూడా వేస్తే తప్ప మోడల్ ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది.

ఇలా ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవచ్చు. రూల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో ముందు తేల్చుకుని, తర్వాత ఒక్కో యంత్రాంగాన్నీ కలపమని ఉద్దేశం. పద్ధతి మంచిదే. కాకపోతే ఆ క్రమంలో ఒక స్విచ్ వేయగానే అప్పటిదాకా బాగా నడిచిన మోడల్ కుప్పకూలుతుంది. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం.

బీఎల్ఎల్‌కు అందరూ వాడే విలువ 0.5. దీని అర్థం ఇది: ఒక చంక్‌ను సాధన చేసి ఎన్ని సెకన్లయిందో దాని వర్గమూలంతో 1ని భాగించాలి, సాధన చేసిన ప్రతిసారికీ ఇలా తీసి అన్నీ కూడాలి, ఆ మొత్తానికి సహజ లాగరిథం తీస్తే అదే యాక్టివేషన్. 10, 20, 30 సెకన్ల కిందట మూడుసార్లు సాధన జరిగితే 0.316, 0.224, 0.183 కలిపి 0.722, లాగ్ తీస్తే మైనస్ 0.325. లేటెన్సీ ఫ్యాక్టర్ (యాక్టివేషన్‌ను సెకన్లలోకి మార్చే గుణకం) 1 అయితే గుర్తు తెచ్చుకోవడానికి పట్టే సమయం 1.38 సెకన్లు. ఒక్కసారే, 10 సెకన్ల కిందట అయితే 3.16 సెకన్లు. సాధన పెరిగితే వేగం, ఖాళీ పెరిగితే మరుపు, రెండూ ఒకే సూత్రంలో వచ్చేస్తాయి. అందం అదే.

ఇప్పుడు చిక్కు. ఓఎల్ అనే పారామీటర్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అది పై లెక్కను పూర్తిగా చేయకుండా, సాధనలన్నీ కాలమంతా సమంగా పరుచుకున్నాయనుకుని దగ్గరి దారిలో లెక్క వేస్తుంది. అదే మూడు సాధనలకు ఆ దారిలో వచ్చే యాక్టివేషన్ 0.09, సమయం 0.91 సెకన్లు. అసలు లెక్క 1.38 కదా! వందలసార్లు సాధన చేసిన చంక్‌కు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు గానీ, నేర్చుకోవడంలో మొదటి పది ప్రయత్నాలే మీ ప్రశ్న అయితే ఓఎల్ నిల్ చేయండి. మోడల్ నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. మధ్యేమార్గంగా ఒక అంకె ఇస్తే చివరి అన్ని సాధనలను ఖచ్చితంగా, మిగతావాటిని ఉజ్జాయింపుగా లెక్కిస్తుంది.

రెండో చిక్కు ఇంకా ఎక్కువమందికి తగులుతుంది. యాడ్-డీఎంతో పెట్టిన చంక్‌ను సున్నా సెకన్ల దగ్గర ఒక్కసారి చూసినట్టుగా లెక్కిస్తుంది. ఓఎల్ ఆన్, రిట్రీవల్ థ్రెషోల్డ్ (యాక్టివేషన్ ఇంతకంటే తగ్గితే గుర్తురాని గీత) డిఫాల్ట్ 0, నాయిస్ లేదు అనుకుంటే, ఆ చంక్ యాక్టివేషన్ సరిగ్గా 4వ సెకను దగ్గర థ్రెషోల్డ్‌ను తాకుతుంది. ఆ తర్వాత మళ్లీ తలుచుకోకపోతే మర్చిపోయినట్టే. అంటే 3కి 4 కలిపితే 7 అన్న సంగతి మీ మోడల్ పెద్దమనిషి నాలుగు సెకన్లలో మర్చిపోతాడు. ఏళ్ల నాటి జ్ఞానాన్ని ఏళ్ల నాటిదిగానే చెప్పాలి: సెట్-బేస్-లెవెల్స్ ఆదేశంతో సాధన సంఖ్య, పుట్టిన కాలం మైనస్ సెకన్లలో ఇవ్వాలి. ప్రయోగంలో కొత్తగా నేర్చుకునే సంగతులను మాత్రం సున్నా నుంచి పెరగనివ్వాలి. ఈ రెండు రకాలనూ విడదీయని మోడల్ ఎంత ట్యూన్ చేసినా దారికి రాదు.

థ్రెషోల్డ్‌ను బాగా కిందికి లాగేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. గుర్తురాలేదని తేల్చుకోవడానికి కూడా సమయం పడుతుంది, దాన్ని నిర్ణయించేది థ్రెషోల్డే. లేటెన్సీ ఫ్యాక్టర్ 1, థ్రెషోల్డ్ మైనస్ 2 అయితే ఒక్క వైఫల్యానికి 7.4 సెకన్లు. మనుషులు అంతసేపు పైకి చూస్తూ కూర్చోరు. ఆండర్సన్ బృందం 2004లో చాలా మోడళ్లను పోల్చి ఈ రెండిటికీ ఒక లంకె చూపింది: థ్రెషోల్డ్‌ను ఈ అనే స్థిరాంకం మీద ఘాతంగా వేసి 0.35తో గుణిస్తే దాదాపు లేటెన్సీ ఫ్యాక్టర్ వస్తుంది. అంటే వైఫల్యం మూడో వంతు సెకను దగ్గర ఉండాలన్నమాట. మొదలుపెట్టేటప్పుడు ఆ లంకె పట్టుకుంటే ఒక పారామీటర్ స్వేచ్ఛ తగ్గుతుంది, మోడల్ మీద నమ్మకం పెరుగుతుంది. ఏఎన్ఎస్ 0.2 నుంచి 0.8 మధ్య ఉంచితే చాలు.

4వ యూనిట్: మందు పనిచేసే చోటు

ట్యుటోరియల్‌లో ఒక్క యూనిట్ మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. మొదటి ప్రయోగంలో 20 పదాలు, ఒక్కో పదానికి ఒక అంకె, ఎనిమిది విడతలు. పదం 5 సెకన్లు, తర్వాత అంకె 5 సెకన్లు. మనుషులు రెండో విడతలో సగానికి కొంచెం పైగా, చివరికి 95 శాతం దగ్గర సరిగ్గా చెప్పారు. జవాబు సమయం రెండు సెకన్ల పైనుంచి 1.4కి దిగింది. కొద్దిపాటి రూల్స్, మూడు పారామీటర్లతో మోడల్ ఈ రెండు వంపులనూ ఒకేసారి పట్టుకుంటుంది. ఒప్పుల శాతాన్ని, సమయాన్ని ఒకే యాక్టివేషన్ నిర్ణయించడం వల్ల ఒకదాన్ని మోసంతో సరిపెడితే రెండోది చెడుతుంది. చాలా లెర్నింగ్ మోడళ్లకు లేని క్రమశిక్షణ ఇది.

రెండోది అక్షరమాల కూడిక. ఏ + 2 = సీ అన్నది నిజమా, అబద్ధమా అని అడుగుతారు. మొదట్లో మనిషి ఏ తర్వాత బీ, సీ అని వేళ్లు మడుస్తాడు. కలపాల్సిన అంకె 2 అయితే త్వరగా, 4 అయితే ఆలస్యంగా జవాబిస్తాడు. సాధన తర్వాత ఆ తేడా కరిగిపోతుంది, ఎందుకంటే ఇక లెక్కపెట్టడం లేదు, గుర్తు తెచ్చుకుంటున్నాడు. మోడల్ కూడా అలాగే చేయాలి: ముందు గుర్తు తెచ్చుకోబోవాలి, రాకపోతే లెక్కపెట్టాలి, వచ్చిన జవాబును ఇమాజినల్ బఫర్లో (మనసులో కట్టుకునే చిత్రం ఉండే అర) కట్టి వదిలేయాలి.

ఆ వదిలేయడం దగ్గరే విద్యార్థుల మోడళ్లు చావుదెబ్బ తింటాయి. బఫర్‌ను ఖాళీ చేసినప్పుడే అందులోని చంక్ జ్ఞాపకంలోకి వెళ్తుంది. ట్రయల్ అయిపోయినా బఫర్ ఖాళీ చేయకపోతే నేర్చుకున్నది ఏమీ లేదు. ఖాళీ చేసినా, అచ్చం అలాంటి చంక్ ముందే ఉంటేనే రెండూ కలిసిపోయి దానికి ఒక సాధన జమ అవుతుంది. స్లాట్లలో, అంటే చంక్‌లోని గళ్లలో, ఒక్కటి తేడా ఉన్నా అది వేరే కొత్త చంక్. ఇప్పుడు ఊహించండి: ఇమాజినల్ చంక్‌లో జవాబుతోపాటు ఎక్కడిదాకా వచ్చామో చెప్పే స్టేట్ స్లాట్, లెక్కింపు కౌంటర్ కూడా పెట్టారు. లెక్కపెట్టి వచ్చినప్పుడు ఒక స్టేట్, గుర్తొచ్చి వచ్చినప్పుడు మరొకటి. రెండూ కలవవు. యాభై ట్రయల్స్ తర్వాత జ్ఞాపకంలోని చంక్‌లను చూపే డీఎం ఆదేశంతో చూస్తే ఏ + 2 = సీ అన్న సంగతి రెండు మూడు వేషాల్లో కనబడుతుంది, ఒక్కో దానికీ అరకొర బలం. వేగం పెరగాల్సినంత పెరగదు. మందు తేలికే: స్టేట్, కౌంటర్ లక్ష్యాన్ని ఉంచే గోల్ బఫర్లో పెట్టుకోవాలి, ఇమాజినల్‌లో నేర్చుకోవాల్సిన సంగతి తప్ప ఇంకేమీ ఉండకూడదు.

రీసెట్ గురించి ఒక్క మాట. అది మోడల్‌ను పుట్టినప్పటి స్థితికి తీసుకెళ్తుంది. ఒక్కో ట్రయల్ మొదట్లో రీసెట్ పెట్టి, నేర్చుకోవడం లేదేమిటా అని తల పట్టుకునేవాళ్లు ప్రతి కోర్సులోనూ ఉంటారు. ఒక్కో పార్టిసిపెంట్‌కి ఒక్కసారి మాత్రమే రీసెట్.

7వ యూనిట్: రూల్స్ కలిసిపోవడం

నైపుణ్యం అంటే వేగంగా గుర్తు రావడం ఒక్కటే కాదు. కొన్నాళ్లకు గుర్తు తెచ్చుకోవాల్సిన పనే పోతుంది. దాన్ని యాక్ట్-ఆర్‌లో ప్రొడక్షన్ కంపైలేషన్ అంటారు, ఈ సాఫ్ట్‌వేర్‌ను మిగతావాటి నుంచి వేరు చేసేది ఇదే. వరుసగా పేలిన రెండు రూల్స్‌ను కలిపి ఒకటి చేస్తుంది. మొదటి రూల్ జ్ఞాపకాన్ని అడిగి, రెండో రూల్ వచ్చిన జవాబును వాడుకుంటే, ఆ జవాబును నేరుగా కొత్త రూల్‌లోనే రాసేస్తుంది. ఒక్కో రూల్‌కు 50 మిల్లీసెకన్లు, మధ్యలో రిట్రీవల్ 400 అనుకుంటే మొత్తం 500 పట్టే పని 50లో ముగుస్తుంది.

వినడానికి ఇంతే. పని చేయించడం వేరు. కొత్త రూల్ యుటిలిటీ ఎన్‌యూ పారామీటర్ విలువతో, అంటే డిఫాల్ట్‌గా 0తో మొదలవుతుంది. అదే జత మళ్లీ పేలి అదే రూల్ మళ్లీ తయారైన ప్రతిసారీ, తల్లి రూల్, అంటే జతలోని మొదటి రూల్, యుటిలిటీ వైపు కొంత జరుగుతుంది. ఎంత జరగాలో చెప్పే ఆల్ఫా డిఫాల్ట్ 0.2, తల్లి యుటిలిటీ 5 అనుకుంటే ఐదు జరుగుళ్ల తర్వాత 3.36, పది తర్వాత 4.46. ఈజీఎస్ 0.5 ఉంటే కొత్త రూల్ ఎంపికయ్యే అవకాశం మొదట్లో వెయ్యికి ఒకటి కంటే తక్కువ, ఐదు తర్వాత 9 శాతం, పది తర్వాత 32 శాతం. ఒకసారి పేలి, తక్కువ సమయంలో బహుమతి (పని ముగిసినప్పుడు ఇచ్చే మార్కు) అందుకుంటే తల్లిని దాటేస్తుంది. ఈ నిదానమే మనుషుల్లో కనిపించే నిదానం.

ఈ అంకెల్లోనే ప్రమాదం దాగుంది. ఈజీఎస్ 0గా వదిలేస్తే కొత్త రూల్ తల్లికి దగ్గరవుతూనే ఉంటుంది గానీ ఎప్పటికీ దాటదు, ఒక్కసారీ పేలదు. ట్రేస్‌లో, అంటే నడిచిన సంఘటనల జాబితాలో, రూల్ పుట్టినట్టు కనిపిస్తుంది, వేగం మాత్రం మిల్లీసెకను కూడా మారదు. ఎన్‌యూను తల్లికి సమానంగా పెట్టేస్తే రెండో ప్రయత్నానికే మోడల్ నిపుణుడైపోతుంది. రెండూ అబద్ధపు వంపులే.

కలవడానికే నిరాకరించే జతలు కూడా చాలా ఉన్నాయి. పీసీటీ పారామీటర్ ఆన్ చేస్తే ఏ జత ఎందుకు కలవలేదో ట్రేస్‌లో చెబుతుంది. ఈపీఎల్ వేసిన రోజే ఇదీ వేయండి. ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి. మొదటి రూల్ కంటికి పని చెప్పి, రెండోది చూసినదాన్ని వాడుకుంటే కలపదు, తెర మీద రేపు ఏముంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇది సబబే. రెండు రూల్సూ చేతికి ఆజ్ఞ ఇస్తే కలపదు. గుర్తురాలేదు అన్న వైఫల్యం మీద ఆధారపడే రూల్ కలవదు. ఇవాళ తెలియనిది రేపు తెలియవచ్చు కదా. ఎవాల్ పెట్టి లిస్ప్ కోడ్‌తో దొంగదారి తీసిన రూల్స్, స్లాట్ విలువను పెద్దదా చిన్నదా అని పోల్చే రూల్స్ కూడా కలవవు. చాలా బిగినర్ మోడళ్లలో ఎవాల్ విచ్చలవిడిగా ఉంటుంది, 7వ యూనిట్‌కు వచ్చేసరికి అదే కాళ్లకు అడ్డం పడుతుంది.

టీటీ అనే ఇంకో పారామీటర్ ఉంది: రెండు రూల్స్ మధ్య 2 సెకన్లకు మించి ఎడముంటే కలపదు. కొత్తలో రిట్రీవల్‌కు మూడు సెకన్లు పడితే కంపైలేషన్ మొదలే కాదు. ముందు జ్ఞాపకం బలపడాలి, రిట్రీవల్ 2 సెకన్ల లోపుకు రావాలి, తర్వాతే రూల్స్ కలుస్తాయి. పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో చెప్పిన మూడు దశలు, అంటే ఆలోచించి చేయడం, జతపడటం, ఆలోచన లేకుండా జరిగిపోవడం, ఎవరూ రాయకుండానే మోడల్‌లో దాదాపు అదే వరుసలో బయటపడతాయి. ఈ సాఫ్ట్‌వేర్‌కు వేసే మార్కుల్లో పెద్ద వాటా దీనికే.

బహుమతి విషయం త్వరగా. బహుమతి ఇచ్చినప్పుడు, అంతకుముందు బహుమతి తర్వాత పేలిన రూల్స్ అన్నిటికీ వాటా వెళ్తుంది. రూల్ పేలి ఎన్ని సెకన్లయిందో అంత తగ్గించి ఇస్తుంది. 8 సెకన్ల పనికి బహుమతి 5 పెడితే మొదటి రూల్‌కు దక్కేది మైనస్ 3. పని విజయవంతమైనా మొదటి అడుగుకు శిక్ష! బహుమతిని పని పట్టే సమయానికి మించి పెట్టండి.

చేతికి రాని పనులు

సైకిల్ తొక్కడం, టైపింగ్ వేగం, వీణ మీద వేళ్లు పడటం లాంటివాటికి యాక్ట్-ఆర్‌ను అడగొద్దు. చేతి మాడ్యూల్‌ను డేవిడ్ కీరాస్, డేవిడ్ మేయర్‌ల ఎపిక్ అనే ఆర్కిటెక్చర్ నుంచి తెచ్చుకున్నారు. కదలికకు సన్నాహం, ఆరంభం, అమలు అన్న అంచెలకు కట్టిన సమయాలు ఉంటాయి. మునుపటి కదలికతో పోలిక ఉంటే సన్నాహం కొంత తగ్గుతుంది, అంతే. వెయ్యోసారి నొక్కిన కీ కూడా అదే పరిస్థితిలో మొదటిసారి పట్టినంత సమయమే తీసుకుంటుంది. చూపు మరల్చడానికి 85 మిల్లీసెకన్లు, అదీ సాధనతో మారదు. కాబట్టి మీ డేటాలో వేగం పెరగడం వేళ్లలో ఉంటే, మోడల్ దాన్ని జ్ఞాపకంలో వెతికి తప్పు కారణానికి అంటగడుతుంది. వంపు సరిపోతుంది, వివరణ తప్పుతుంది. ఇదే ఎక్కువ ప్రమాదం.

సాధన మధ్య విరామం ఇస్తే ఎక్కువకాలం గుర్తుంటుందన్న ప్రభావం కూడా ప్రామాణిక సూత్రంలో సరిగ్గా రాదు. ఫిలిప్ పావ్లిక్, ఆండర్సన్ 2005లో మరుపు రేటును సాధన సాధనకూ మార్చే సవరణ ఇచ్చారు. అది డిఫాల్ట్‌లో భాగం కాదు. ఇక మొదటి రూల్స్ ఎక్కడినుంచి వస్తాయి అన్న ప్రశ్నకు సమాధానం: మీరు రాయాలి. కొత్తవాడు నేర్చుకోవడం చూపాలంటే, సూచనలను చంక్‌లుగా పెట్టి, వాటిని ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుని పాటించే సాధారణ రూల్స్ రాసి, కంపైలేషన్ వాటిని ముడుచుకునేలా చేయడం నికార్సైన పద్ధతి. పనికి తగ్గ నిపుణుడి రూల్స్ ముందే రాసేసి నేర్చుకుంటోంది అనడం కాదు.

వంపు చూసి మోసపోవద్దు

మనుషుల డేటాతో పోల్చే ప్రయోగాల చివర ట్యుటోరియల్ కోరిలేషన్ (రెండు వరుసలు ఎంతగా కలిసి కదులుతున్నాయో), సగటు తేడా అని రెండు అంకెలు ఇస్తుంది. సాధనతో తగ్గే రెండు వరుసలకు కోరిలేషన్ తేలిగ్గానే 0.9 దాటుతుంది, దానికి పొంగిపోనక్కర్లేదు. సగటు తేడానే చూడాలి, అదీ సెకన్లలో. నాయిస్ ఉంది కాబట్టి ఒక్క పరుగును నమ్మకండి. కనీసం వంద పరుగుల సగటు తీయండి, వీ పారామీటర్ నిల్ చేస్తే ట్రేస్ రాయక చాలా వేగంగా పోతుంది. దొరికిన తప్పును మళ్లీ చూడాలంటే సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే విలువ) కట్టేయాలి.

ఇంకా లోతైన సమస్య ఒకటుంది. అలెన్ న్యూవెల్, పాల్ రోసెన్‌బ్లూమ్ 1981లో సాధన వంపు ఘాత సూత్రం (పవర్ లా: సాధన పెరిగేకొద్దీ తగ్గే వేగమూ నెమ్మదించడం) ప్రకారం దిగుతుందని వాదించాక, మోడల్ తయారుచేసేవాళ్లందరికీ అదే పరీక్ష అయింది. 2000లో ఆండ్రూ హీత్‌కోట్, స్కాట్ బ్రౌన్, డగ్లస్ మ్యూహార్ట్ విడివిడి మనుషుల డేటా తీసుకుని చూస్తే ఎక్కువగా ఎక్స్‌పొనెన్షియల్ వంపే (తగ్గాల్సినదానిలో ప్రతిసారీ అదే నిష్పత్తి తగ్గేది) బాగా సరిపోయింది. వేర్వేరు వేగాలతో నేర్చుకునేవాళ్లను సగటు తీస్తే ఘాత సూత్రం లాంటిది దానంతటదే పుట్టుకొస్తుంది. అక్షరమాల కూడికలోనూ అంతే: ఒక్కో లెక్కకు సమయం ఒక రోజు హఠాత్తుగా పడిపోతుంది, సగటు మాత్రం నున్నగా జారుతుంది. మీ మోడల్‌ను సగటుతో కాకుండా ఒక్కో పార్టిసిపెంట్, ఒక్కో ఐటమ్ స్థాయిలో పోల్చండి. ఆ పరీక్షలో యాక్ట్-ఆర్ బాగానే నిలబడుతుంది, ఎందుకంటే లెక్కింపు నుంచి జ్ఞాపకానికి మారడం అందులో నిజంగానే ఒక్క గెంతు.

పక్క కొట్లు

సోర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా కార్నెగీ మెలన్‌లోనే పుట్టి, జాన్ లెయర్డ్‌తో మిషిగన్ యూనివర్సిటీకి చేరింది. సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, రోబోలు, గేమ్ ఏజెంట్లు నడపడానికి దిట్ట. దారి మూసుకుపోయినప్పుడు ఉపలక్ష్యం పెట్టుకుని, తేల్చుకున్నదాన్ని ఒక్కసారికే రూల్‌గా మార్చేసుకుంటుంది. మనిషి సమయాలతో మిల్లీసెకన్లలో పోల్చడం మీ లక్ష్యం కాకపోతే సోర్ నయం. పైయాక్ట్ఆర్ అనే పైథాన్ ప్రతిరూపం భాషాశాస్త్రం వాళ్లకు బాగుంటుంది. లిస్ప్ పొడ గిట్టనివాళ్లు చూడొచ్చు, అసలు దానికి అచ్చమైన నకలు అనుకోకుండా.

విద్యార్థి తర్వాతి ప్రశ్నకు సరైన జవాబు చెబుతాడా అన్నది మాత్రమే కావాలంటే యాక్ట్-ఆర్ అక్కర్లేదు, అనవసరపు బరువు. ఆల్బర్ట్ కార్బెట్, ఆండర్సన్ 1995లో ఇచ్చిన బేసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ చాలు. పైథాన్‌లో పైబీకేటీ ప్యాకేజీ దొరుకుతుంది. ఒక్కో నైపుణ్యానికి నాలుగే అంకెలు: ముందే తెలిసి ఉండే అవకాశం, ఒక్కో ప్రయత్నంలో నేర్చుకునే అవకాశం, ఊహించి ఒప్పు చెప్పడం, తెలిసీ తప్పడం. వరుసగా 0.3, 0.1, 0.2, 0.1 పెట్టి చూస్తే, మొదటి ఒప్పు జవాబుతో తెలిసే అవకాశం 0.69కి, రెండో దానితో 0.92కి, మూడో దానితో 0.98కి చేరుతుంది, సాధారణంగా గీత గీసే 0.95 దాటేసింది. మొదటి జవాబే తప్పయితే 0.15కి పడుతుంది. ఇందులో మరుపు లేదు, సమయం లేదు. ఫిట్టింగ్‌లో ఊహ, పొరపాటు రెండూ కలిపి 1 దాటాయంటే ఆ మోడల్ తిరగబడినట్టే, ఒప్పు జవాబు చెబితే తెలియదని లెక్కేస్తుంది. వేరే ప్రారంభ విలువలతో మళ్లీ ఫిట్ చేయాలి.

యాక్ట్-ఆర్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఇంటర్నెట్లో దొరికే పాత మోడళ్లలో చాలా వాటిని 6వ వెర్షన్ కోసం రాశారు. అప్పట్లో యాక్టివేషన్ గోల్ బఫర్ నుంచి పాకేది (బఫర్లోని సంగతి తనకు సంబంధించిన చంక్‌లను బలపరచడం), 7లో డిఫాల్ట్‌గా ఇమాజినల్ నుంచి పాకుతుంది. పాత ఫైలు ఎర్రర్ లేకుండా నడిచినా, అంకెలు మాత్రం మారవచ్చు. జీఏ (గోల్ నుంచి పాకే యాక్టివేషన్), ఇమాజినల్-యాక్టివేషన్ విలువలు ఎస్‌జీపీలో మీరే రాసి పెట్టండి, పేపర్లో వెర్షన్ నంబరు వేయండి.